నాలుగంగుళాల గొట్టమా, ఆరంగుళాలదా?

చిన్న రివాల్వర్ కొనుక్కున్నవాడికంటే, ఏది కొనాలో తేల్చుకోలేక నానుస్తున్నవాడే సుఖపడతాడు. ఊరికే అనడం లేదు. మా కెంటకీ కొండల్లో ఏళ్ల తరబడి వారపత్రికకు ఈ కాలమ్ రాస్తూ, చుట్టుపక్కల మగాళ్లందరినీ చూసి మరీ అంటున్నాను.

మీరే ఆలోచించండి. కంచె మీద ఖాళీ బీన్స్ డబ్బాలు పేర్చి సరదాగా కొట్టడానికి చిన్న తూటాల పాయింట్ టూ టూ రివాల్వర్ ఒకటి కొన్నారనుకోండి. ఏమవుతుంది? గురి తప్పుతుంది. పక్కన నిలబడ్డ బావమరిది నవ్వుతాడు. అదే, కొనకుండా ఎంచుకుంటూ కూర్చున్నవాడి గురి ఎప్పుడైనా తప్పిందా? డబ్బాకు చిల్లు పడదు, ఆవులు బెదరవు. ఇంతకంటే శాంతికాముకుడు ప్రపంచంలో ఎక్కడ దొరుకుతాడు!

పైగా చదువు! మా పొరుగింటి ఎల్డన్ కోంబ్స్‌నే చూడండి. ఆరు తూటాలదా, తొమ్మిదిదా? ప్రతిసారీ బొటనవేలితో వెనక్కి లాగి పేల్చేదా, ట్రిగ్గర్ నొక్కితే చాలు పేలేదా? పిడి చెక్కదా, రబ్బరుదా? వీటన్నిటి మీదా ఆయన అనర్గళంగా మాట్లాడతాడు. గత రెండేళ్లలో ఒక్క తూటా కూడా పేల్చలేదు. జ్ఞానానికి అనుభవం అడ్డు రాకూడదని మనవాళ్లు గ్రహించింది ఇప్పుడిప్పుడే.

ఆయన విశ్వవిద్యాలయం మిస్ ఓపల్ గారి తుపాకుల కొట్టు.

"నాలుగంగుళాల గొట్టమైతే చేతికి తేలిక, ఆరంగుళాలదైతే గురి నిలుస్తుంది. మీరేమంటారు, మిస్ ఓపల్?"

"పోయినేడు ఏమన్నానో ఇప్పుడూ అదే అంటున్నా నాయనా. నీ చేతికి కుదిరింది తీసుకో."

"ఇది కుదిరింది గానీ, పిడి రంగు నా ట్రక్కుకు నప్పడం లేదు."

"డబ్బాలు కొట్టేది ట్రక్కుతోనా?"

ఎల్డన్ భార్య వెర్లీన్‌కు ఇంత చదువు లేదు. ఆమె దగ్గరున్నది వాళ్ల నాన్న వదిలిపోయిన పాత తొమ్మిది తూటాల రివాల్వర్ ఒక్కటే. పెళ్లికి ముందు ఎల్డన్, ఆమె దాంతోనే డబ్బాలు కొట్టేవారు. ఏటా ఆకులు రాలే రోజుల్లో మా అగ్నిమాపక కేంద్రం వెనక జంటల పోటీ పెడతారు. గెలిచినవాళ్లకు ఉప్పులో ఊరిన పంది తొడ ఇస్తారు. ఈసారైనా ఇద్దరం కలిసి నిలబడదామని వెర్లీన్ అడుగుతూనే ఉంది. సరైనది దొరకనివ్వమని ఎల్డన్ అంటూనే ఉన్నాడు. నేనైతే ఎల్డన్ పక్షమే. భార్య ఎక్కడికీ పోదు, కొత్త మోడళ్లు మాత్రం ఆగవు కదా!

ఇక ఆయన శ్రద్ధ చూడండి. ఈ చిన్న తూటాల రివాల్వర్‌ను ఖాళీగా నొక్కకూడదు. లోపల తూటా లేకపోతే పేల్చే ముల్లు పోయి తూటా కూర్చునే గూడు అంచును కొట్టి నలిపేస్తుంది. ఇది మా దగ్గర పాలుతాగే పిల్లలకు కూడా తెలుసు. అందుకే కొట్టులో ఎల్డన్ చాలా మర్యాదగా ఉంటాడు, అడక్కుండా ఒక్కటీ నొక్కడు. ఆ ముచ్చట ఇంటికొచ్చి మామగారి రివాల్వర్‌తో తీర్చుకుంటాడు.

"టీవీ ముందు కూర్చుని ఆ టకటకేమిటయ్యా? మా నాన్న దాన్ని ఖాళీగా ముట్టుకోనిచ్చేవాడు కాదు."

"పోల్చుకోవాలి కదా వెర్లీన్. పాతది ఎలా నొక్కుకుంటుందో వేలికి గుర్తుండకపోతే, కొత్తది బాగుందని ఎలా తెలుస్తుంది?"

పోటీ రోజు వచ్చింది. కొత్తది ఇంకా తేలలేదు కాబట్టి వెర్లీన్ పాతదాన్నే శుభ్రంగా తుడిచి తెచ్చింది. తూటా పెట్టబోతే గూట్లోకి దిగలేదు. పక్క గూట్లోనూ దిగలేదు. మిస్ ఓపల్ కళ్లజోడు పెట్టుకుని చూసింది.

"ఎవరో దీన్ని ఖాళీగా తెగ నొక్కారు. అన్ని గూళ్ల అంచులూ నలిగిపోయాయి."

ఎల్డన్ ముఖం నిజంగానే వెలిగింది. "పోన్లే, ఇక కొత్తది కొనక తప్పదు. అందుకే అడుగుతున్నా వెర్లీన్, నాలుగా, ఆరా?"

వెర్లీన్ ఆ పాత పిడి మీద చెయ్యి తీయలేదు. "మా నాన్నది నాకు మిగిలింది ఇదొక్కటే, ఎల్డన్. దీంతో నీతో ఒక్క మధ్యాహ్నం గడపాలని అడిగాను. అంతకన్నా నేనేమడిగాను?"

ఎల్డన్ బదులు చెప్పేలోపే మిస్ ఓపల్ సంచిలోంచి తన సొంత రివాల్వర్ తీసింది.

"రా అమ్మాయ్. జంట అన్నారే గానీ మొగుడూ పెళ్లామే ఉండాలని ఎవరన్నారు?"

ఆ ఏటి పంది తొడ ఇద్దరు ఆడవాళ్ల ఇళ్లకు పోయింది. చూశారా, ఎంపిక తెమలకపోవడం వల్ల ఎంత మేలు జరిగిందో!

అప్పటినుంచి శనివారం మధ్యాహ్నాలు మిస్ ఓపల్ కొట్టు మూసే ఉంటోంది. మొన్న ఎల్డన్, నేను ఆ మెట్ల మీద కూర్చుని ఉన్నాం. ఆయన ఒళ్లో రివాల్వర్ల కేటలాగు ఉంది. వెర్లీన్ ఏదని అడిగితే, ఏమో, ఎక్కడికో వెళ్లిందన్నాడు. అంతలో గుట్ట అవతలనుంచి చప్పుడు వచ్చింది, వెంటనే డబ్బా ఎగిరిపడ్డ మోత. ఎల్డన్ చెవులు రిక్కించాడు.

"విన్నావా? ఎంత నిండుగా ఉందో ఆ చప్పుడు. ఇన్నాళ్లూ నేను వెతుకుతున్నది అదే. ఎవరిదో కనుక్కోవాలి."

ఎవరిదో నాకు తెలుసు. మిస్ ఓపల్ వారం రోజులు కూర్చుని ఆ పాతదాని నలిగిన గూళ్లన్నీ తన చేత్తో సరిచేసి వెర్లీన్‌కు ఇచ్చింది. చెప్పేద్దామని నోరు తెరిచాను. మళ్లీ చప్పుడు, మళ్లీ డబ్బా మోత, ఆ వెనకే ఒక ఆడమనిషి పెద్దగా నవ్వింది.

ఎల్డన్ చిరాగ్గా చెయ్యెత్తాడు. "ఎవరోగానీ, ఆ నవ్వు కాస్త ఆపితే బాగుండు. రివాల్వర్ చప్పుడు సరిగ్గా వినిపించడం లేదు."