కెప్టెన్‌కి నూట ముప్పై పేజీల జ్ఞాపకం

సాహిత్యంలో అన్నిటికన్నా గొప్ప ప్రక్రియ ఏది? కావ్యమనేవాళ్లున్నారు, నాటకమనేవాళ్లున్నారు. పాపం, చదువుకున్నవాళ్లు, వదిలేద్దాం. అంతరిక్ష నౌకలు పేలే సినిమా విడుదలైన వారానికే, దాని పోస్టరునే అట్టగా తగిలించుకుని వచ్చే వెండితెర నవల ఉంది చూశారూ, దాని ముందు మిగతావన్నీ దిగదుడుపే! రచయిత ఏం చెప్పదలిచాడన్న బెంగ ఉండదు. ఆయన ఏమీ చెప్పదలచలేదు. హీరోయిన్ ఎలా ఉంటుందో ఊహించుకునే శ్రమ లేదు. అట్ట మీదే ఉంది. ముగింపు ముందే తెలుసు గనక గుండెజబ్బువాళ్లు కూడా నిర్భయంగా చదవొచ్చు. ఇంతటి ప్రజోపయోగం ఏ మహాకావ్యానికుంది?

నమ్మనివాళ్ల కోసం ఒక ఫిజిక్స్ టీచరు సంగతి చెబుతాను.

పిల్లలు ఆవిడకి పెట్టిన పేరు శూన్యం టీచరు. శూన్యంలో శబ్దం ప్రయాణించదని ఇరవై ఆరేళ్లు చెప్పింది. చెప్పినా వినని పేపర్ల మీద సున్నాలు ధారాళంగా చుట్టింది. ఆ పేపర్లు దిద్దగా మిగిలిన తీరికలో పదకొండేళ్లపాటు ఒక నవల రాసింది. పేరు ‘ఒకే గోడ’. పక్కపక్క వాటాల్లో కాపురముంటూ తొమ్మిదేళ్లు మాట్లాడుకోని అక్కచెల్లెళ్ల కథ అది. ఒకరి దగ్గు ఒకరు గోడలోంచి విని, బతికే ఉందని నిశ్చింతగా పడుకునేవాళ్లు. ఆ చెల్లెలు టీచరే. అటువైపు దగ్గు ఆగిపోయిన వారానికి ఆవిడ మొదటి వాక్యం రాసింది.

ప్రచురణకర్త ఆ రాతప్రతిని ఆర్నెల్లు ఉంచుకుని తిరిగిచ్చాడు. “బాగుంది టీచరుగారూ. కానీ ఇందులో ఏమీ జరగదు” అన్నాడు. కట్టకి ఆవిడ వేసిన దారం, వేసిన ముడి అలాగే ఉన్నాయి.

రెండేళ్ల తరవాత ఆయనే ఫోన్ చేశాడు. వెండితెర నవలలు రాసే ఆయన మెట్ల మీద జారి మణికట్టు విరగ్గొట్టుకున్నాడట.

“గ్రహాలూ నౌకలూ ఉన్న సినిమా. ఫిజిక్సు మీకు తెలుసుగా! ఇరవై రోజులు, రెండువందల నలభై పేజీలు. స్క్రిప్టు పంపిస్తున్నా.”

స్క్రిప్టు నలభై కాగితాలు. టీచరు అలవాటు కొద్దీ ఎర్ర పెన్నుతో కూర్చుంది. నౌకలో ఎనిమిదివందల మంది, వంటగది లేదు, మరుగుదొడ్డి లేదు; రెండూ కట్టించింది. హీరో నక్షత్రం పక్కనుంచి వెళ్తూ గాలి కోసం కిటికీ తెరిచాడు; మూయించింది. హీరోయిన్‌కి కెవ్వుమనడం తప్ప ఉద్యోగం లేదు, ఇంజిన్ అప్పగించింది. పందొమ్మిదో కాగితం దగ్గర మాత్రం పెన్ను ఆగిపోయింది. అక్కడ రెండే ముక్కలున్నాయి: ‘యుద్ధం. ఇరవై రెండు నిమిషాలు.’

ప్రచురణకర్తకి ఫోన్ చేసింది. “ఇక్కడేం రాయమంటారు?”

“యుద్ధం రాయండి.”

“శూన్యంలో చప్పుడుండదండీ. ఢాం అని ఎలా రాయను?”

“ఇంకేదైనా రాయండి తల్లీ. పేజీలు నిండాలి, అంతేగా.”

ఆవిడ ఫోను పెట్టేసింది. బీరువా తెరిచి ‘ఒకే గోడ’ కట్ట దారం విప్పింది.

కాబట్టి నవలలో కెప్టెన్ శత్రునౌక మీద గురిపెట్టి, మీట మీద బొటనవేలు ఆనించగానే, ఆయనకి వాళ్లమ్మా పెద్దమ్మా గుర్తొచ్చారు. ఒకే గోడకి అటూ ఇటూ. నూట ముప్పై పేజీలపాటు గుర్తొచ్చారు. ఆ తరవాత మీట నొక్కాడు. చప్పుడు రాలేదు.

ప్రచురణకర్త చదవకుండానే అచ్చేశాడు. ఆయన అలవాటు ఆయనది.

సినిమా రెండో వారంలో మూటాముల్లె సర్దుకుంది. పుస్తకం మూడుసార్లు అచ్చయింది. ఉత్తరాలొచ్చాయి, నౌక ఏమైందని ఒక్కరూ అడగలేదు. పెద్దమ్మ తలుపు ఎందుకు తట్టలేదని అందరూ అడిగారు. సినిమా నవలని చేత్తో తాకని విమర్శకుడొకాయన దీన్ని మాత్రం చదివి, దర్శకుడి అంతరంగం ఎంత లోతైనదో అని రాశాడు. దర్శకుడు వినయంగా తలవంచాడు. “ఆ అమ్మ మా అమ్మే” అన్నాడు ఇంటర్వ్యూలో.

టీచరు రాతప్రతి పట్టుకుని ప్రచురణకర్త దగ్గరికి వెళ్లింది. “దీన్ని ఇప్పుడు విడిగా వేస్తారా?”

ఆయన మొట్టమొదటిసారి ఒక పేజీ చదివాడు. మరొకటి చదివాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

“అద్భుతం టీచరుగారూ. కానీ ఇది మన సినిమా నవలలోదే కదా? హక్కులు సినిమా కంపెనీవి.” గొంతు తగ్గించాడు. “మీరు కాపీ కొడతారనుకోలేదు.”

ఇరవై ఆరేళ్లు కాపీలు పట్టుకున్న మనిషి ఆ మాట విని, గుమ్మం దాకా వచ్చి, చెప్పులు వేసుకోవడం మర్చిపోయి రోడ్డెక్కింది. సందు చివర కాళ్లు కాలితేగాని తెలియలేదు. వెనక్కి వెళ్లి తెచ్చుకోబుద్ధి కాలేదు.

ఆ ఏడాది చివర పన్ను పీకించుకోవడానికి డాక్టరు దగ్గరికి వెళ్లింది. బల్ల వెనక పేర్లు రాసుకునే అమ్మాయి, ఖాకీ అట్ట వేసిన సన్నటి పుస్తకం చదువుతోంది. టీచరుకి తలకిందులుగా ఒక వాక్యం కనిపించింది. దవడ నొప్పి మర్చిపోయింది.

“ఏం పుస్తకమమ్మా?”

“ఏదో సినిమా నవలండీ. ముందు నౌకలూ వెనక నౌకలూ చింపేసి, మధ్యది మటుకు కుట్టించుకున్నా.” అమ్మాయి పేజీలో వేలు పెట్టి మూసింది. “మా అక్కతో ఆరేళ్లుగా మాటల్లేవు. ఇది చదివాక నేనే ఫోన్ చేశాను.”

“ఏమంది?”

“ఏమీ అనలేదండీ. ఇద్దరం ఏడ్చాం. ఆదివారం వస్తోంది.” కాస్త నొచ్చుకుంది. “ఎవరు రాశారో చూసుకోలేదు. ఆ పేజీ కూడా చింపేశాను.”

“పెన్ను ఇలా ఇవ్వు.”

టీచరు ఖాకీ అట్ట మీద ‘ఒకే గోడ’ అని గుండ్రంగా రాసింది. కింద తన పేరు రాసింది. అమ్మాయి ఆ పేరు చదివింది, ముందున్న రిజిస్టరులో ఇందాక తను రాసుకున్న పేరు చదివింది, లేచి నిలబడింది.

పాఠకులారా, ఆ నవల అలా విడుదలైంది: ఒకే ఒక్క ప్రతి, పళ్ల డాక్టరు వరండాలో. అంతదూరం రావడానికి దానికొక అంతరిక్ష నౌక కావలసి వచ్చింది. అందులో తప్పు నౌకదంటే మటుకు నేనొప్పుకోను.