చూడకుండా ఉండే హక్కు

ముద్దాయిల హక్కులకూ బాధితుల రక్షణకూ మధ్య ఏళ్ళ తరబడి నలుగుతున్న తగాదా మొన్న మా కోర్టులో శాశ్వతంగా పరిష్కారమైపోయిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. జానెడు నల్లగుడ్డతో పని అయిపోయింది. ఇంత తేలిక ఉపాయం ఇన్నాళ్ళూ ఎవరికీ తట్టకపోవడమే విచిత్రం.

బాధితురాలు టైలరమ్మ. మేడాయన మేడ కింద అద్దెకు తీసుకున్న చిన్న కొట్టులో మిషను పెట్టుకుని చొక్కాలు, పిల్లల యూనిఫారాలు కుట్టుకునేది. కొట్టు ఖాళీ చెయ్యనన్నదని మేడాయన ఆవిణ్ణి పట్టపగలు నడివీధిలోకి ఈడ్చి, ఆవిడ స్టూలుతోనే ఆవిడ మోచెయ్యి విరగ్గొట్టాడు. వీధంతా చూసింది. కొందరైతే సరిగ్గా కనబడటం లేదని గోడలెక్కి మరీ చూశారు. తీరా పోలీసులొచ్చి అడిగేసరికి ఒకరి కంట్లో నలుసు పడింది, ఇంకొకరు సరిగ్గా అప్పుడే అటు తిరిగారు. సాక్షి అంటూ మిగిలింది టైలరమ్మ ఒక్కతే. ఆవిడ వేలెత్తి చూపిస్తే కేసు నిలబడుతుంది. లేదంటే కేసు కొట్టేసిన సాయంత్రానికల్లా మేడాయన మళ్ళీ పైన ఉంటాడు, ఆవిడ కింద ఉంటుంది. ఆవిడ భయమంతా అదే.

అసలు విచారణకి ముందు జరిగే ప్రాథమిక విచారణలో ప్రభుత్వ ప్లీడరు లేచి, ముద్దాయి మొహం చూస్తే బాధితురాలు బెదిరిపోతుంది కాబట్టి మధ్యలో తెర కట్టించమన్నాడు. ముద్దాయి ప్లీడరు అంతెత్తున లేచాడు. తనమీద సాక్ష్యం చెప్పేవాళ్ళ మొహం చూడటం ముద్దాయి హక్కనీ, తెర కడితే ఆ హక్కు గొంతు నులిమినట్టేననీ వాపోయాడు. నిజం చెప్పొద్దూ, ఇద్దరి మాటా న్యాయంగానే ఉంది. జడ్జిగారు చాలాసేపు కణతలు నొక్కుకుని సెలవిచ్చారు:

"ముద్దాయికి చూసే హక్కుంది. బాధితురాలికి చూడకుండా ఉండే హక్కుంది. రెంటినీ కాపాడటం ఈ కోర్టు ధర్మం. ఆమె కళ్ళకు గంతలు కట్టండి."

హాలు హాలంతా మురిసిపోయింది. ప్లీడర్లిద్దరూ చేతులు కలుపుకున్నారు. న్యాయదేవతతో సమాన హోదా పొందిన తొలి టైలరు ఈమేనని ముద్దాయి ప్లీడరు అభినందించాడు. కోర్టు గుడ్డ గరుకుగా ఉంటుందని, బాధితుల సౌకర్యం దృష్ట్యా, గంతలు ఆవిణ్ణే కుట్టుకు రమ్మన్నారు. వంకరగా అతుక్కున్న చేత్తోనే కుట్టుకొచ్చింది. పని పనే కదా, అంచులు చక్కగా మడిచి ఎలాస్టిక్ కూడా వేసింది.

వాయిదా రోజున వీధి వీధంతా తరలివచ్చి వెనక బెంచీలు ఆక్రమించింది. చూడ్డమంటే మనవాళ్ళకి అంత సరదా. టైలరమ్మ గంతలతో తడుముకుంటూ బోనెక్కింది. మేడాయన తన హక్కును తనివితీరా వినియోగించుకున్నాడు. ముందుకు వంగి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, ఆవిణ్ణి ఎగాదిగా చూశాడు. అతను చూస్తున్నాడని ఆవిడకి తెలుస్తూనే ఉంది.

"నిన్ను కొట్టినవాడు ఈ హాల్లో ఉన్నాడా? బాగా చూసి చెప్పమ్మా," అన్నాడు ప్రభుత్వ ప్లీడరు.

గంతలు విప్పితే చూసి చెబుతానంది. విప్పితే ఆమె హక్కు పోతుందన్నారు. అలాంటి హక్కు తనకొద్దు, వదులుకుంటానంది. జడ్జిగారు నొచ్చుకున్నారు. బాధితురాలి రక్షణ కోసం ఇచ్చిన హక్కును బాధితురాలి ఇష్టానికి వదిలేస్తే ఇక ఆమెకు రక్షణ ఏముంటుందని అడిగారు. ఎంత లోతైన ప్రశ్నో అని హాలంతా తలూపింది.

టైలరమ్మకి ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలో భయం ఎటుపోయిందో పోయింది.

"నా కళ్ళకైతే గంతలున్నాయండీ. వెనకాల మా వీధంతా కూర్చుని ఉంది, వాళ్ళ కళ్ళకి లేవుగా. వాళ్ళూ చూశారు. వాళ్ళని అడగండి."

జడ్జిగారు కళ్ళజోడు సర్దుకుని వెనక బెంచీల వైపు చూశారు. అదే వీధిలో ఉండే రిటైర్డు హెడ్మాస్టరుగారు హుందాగా లేచి, చూడకుండా ఉండే హక్కు బాధితులకే పరిమితమా, పెద్దమనుషులకు కూడా వర్తిస్తుందా అని సవినయంగా మనవి చేసుకున్నారు. కోర్టువారు సానుభూతితో పరిశీలించి, నిక్షేపంగా వర్తిస్తుందన్నారు. ముద్దాయిని గుర్తుపట్టినవారెవరూ లేనందున కేసు కొట్టేశారు.

సాయంత్రానికి మేడాయన మేడెక్కేశాడు. కింద టైలరమ్మ కొట్టు ముందు వీధంతా బారులు తీరింది. గంతల పనితనం అందరికీ తెగ నచ్చేసింది. మెత్తటి గుడ్డ వెయ్యమని ఒకరు, ఏ మూలనుంచీ వెలుతురు రాకుండా ఇంకో పొర వెయ్యమని మరొకరు. ఆ వరసలో మీకు తెలిసినవాళ్ళూ నాకు తెలిసినవాళ్ళూ చాలామందే ఉన్నారు. ఆవిడ ఎంతకీ తన మెడలోంచి టేపు తియ్యకపోయేసరికి, ముందు నిలబడ్డ హెడ్మాస్టరుగారు కొలతలు తీసుకోవా అమ్మా అని అడిగారు.

"అక్కర్లేదండీ," అంది టైలరమ్మ తలెత్తకుండా. "అందరికీ ఒకటే సైజు సరిపోతోంది."