పలకా? టాబ్లెట్టా?

చట్టం చదవగానే అర్థమైపోయే దేశంలో మనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకోరు! కావలసింది కాగితంలోనే తెలిసిపోతే ఎవరు ఎవరికి ఫోన్ చేస్తారు, చెప్పండి?

అదృష్టవశాత్తు వేల్స్‌కు ఆ దురవస్థ ఇంకా పట్టలేదు. ఇక్కడ కొన్ని చట్టాలు లండన్‌లో పుడతాయి, కొన్ని వేల్స్ రాజధాని కార్డిఫ్‌లో. లండన్ చట్టానికి కార్డిఫ్ అతుకు వేస్తుంది. ఆ అతుకు మీద ఇంకో అతుకు. 'వేల్స్ వరకు ఈ మాట లేనట్టుగా చదువుకోవాలి, ఆ మాట ఉన్నట్టుగా చదువుకోవాలి' అని అడుగున ఉంటుంది. లేనిది ఉన్నట్టు, ఉన్నది లేనట్టు! వేదాంతులు జన్మంతా తపస్సు చేసి సాధించే ఈ దృష్టి, ఇక్కడ కౌన్సిల్ గుమాస్తాకు ఉద్యోగంలో చేరిన వారానికే అబ్బుతుంది.

పైగా కార్డిఫ్‌లో పుట్టిన ప్రతి చట్టానికీ రెండు పాఠాలు. ఒకటి ఇక్కడి భాష వెల్ష్‌లో, ఒకటి ఇంగ్లీషులో. రెండూ సమానమే. ఇద్దరూ పట్టపురాణులే!

నెస్టా టీచర్ సంగతే చూడండి. పలకరాతి గనుల ఊళ్ళో చిన్నపిల్లల బడి నడిపిన మనిషి. చలికాలంలో భర్త ఇద్వాల్ పోయాడు. గనిలో పనిచేసిన అతని అన్న మెర్విన్, తమ్ముడి కోసం పలకరాయి ఒకటి చెక్కి, పేరు వేసి, షెడ్డులో గోడకు ఆనించాడు. దాన్ని సమాధి దగ్గర నిలబెట్టడానికి కౌన్సిల్ అనుమతి కావాలి. అంతే.

చట్టం స్పష్టంగా ఉంటే ఈ పని ఒక్క పూటలో ముగిసిపోయేది! ఆ తర్వాత ఆవిడకు మిగిలేదేమిటి? నాలుగు గోడలు. భర్త పోయిన మనిషికి ఇన్ని ఫోన్లు, ఇన్ని బస్సు ప్రయాణాలు, ఇంతమందితో మాటలు... ఏ బంధువు ఇవ్వగలడు ఇంత కాలక్షేపం?

కౌన్సిల్ గుమాస్తా గెథిన్ ఆవిడ దగ్గర చదువుకున్నవాడే.

"సమాధి దగ్గర ఏది పెట్టొచ్చో చెప్పేచోట, ఇంగ్లీషు పాఠంలో 'టాబ్లెట్' అనుంది మిస్. అంటే నేల మీద పరిచే చిన్న ఫలకం. వెల్ష్‌లో 'లెఖెన్' అనుంది."

"లెఖెన్ అంటే పలకే కదా నాయనా. కిటికీలోంచి చూడు, ఈ ఊరి ఇళ్ళ కప్పులన్నీ అవే."

"పలకే మిస్. కానీ చేత్తో పట్టుకునే కంప్యూటర్‌ని కూడా ఇప్పుడు ఆ మాటతోనే అంటున్నారు. అలాంటిదైతే ఛార్జింగ్ ఎవరు పెడతారని పై ఆఫీసు అడుగుతోంది."

"మా ఆయనకి బతికుండగానే ఫోన్ ఎత్తడం రాదురా!"

మెర్విన్‌కు చెబితే మొదట నవ్వాడు. "టాబ్లెట్టా? వాడు వేళకి టాబ్లెట్లు మింగుంటే ఈ రాయి చెక్కే పని నాకెందుకొచ్చేది నెస్టా?" అన్నాడు. తర్వాత గోనెపట్టాతో రాయి మీది దుమ్ము తుడిచాడు.

కార్డిఫ్ ఊరుకోలేదనుకోండి. చట్టాలన్నీ తేలిగ్గా అర్థమయ్యేట్టు చేయాలని ఒక చట్టం చేసింది. దాన్ని అర్థం చేసుకోవడానికి ఒక వివరణ కూడా ఇచ్చింది. ఇంతకంటే ఏం కావాలి?

చివరికి ఒక సాయంత్రం గెథిన్ వానలో తడుస్తూ ఇంటికే వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"దారి దొరికింది మిస్! సంగతి తేలేదాకా రాయి పెట్టొద్దు. రికార్డులో మాత్రం, అక్కడ రాయి ఉన్నట్టుగా చదువుకోవాలని రాసేస్తాం."

నెస్టా పొయ్యి మీది కెటిల్ దించింది.

"ఉన్నట్టుగా చదువుకోవడం నాకు నేర్పకు గెథిన్. గేటు చప్పుడైతే ఆయనొచ్చినట్టుగా చదువుకుంటున్నా. ఖాళీ కుర్చీని చూసి, పేపరు కోసం లేచెళ్ళినట్టుగా చదువుకుంటున్నా. రాయి ఒక్కటన్నా నిజంగా ఉండనీ బాబూ."

గెథిన్ తల వంచుకున్నాడు. చిన్నప్పుడు పాఠం అప్పజెప్పలేకపోయిన రోజున కూడా అలాగే వంచుకునేవాడు.

రాయి ఇంకా షెడ్డులోనే ఉంది.

కనుక పాఠకులారా, అర్థం కాని చట్టం మనుషులకు వరం. పైన చెప్పినదానిలో మార్పేమీ లేదు. ఒక్క చిన్న సవరణ: ఇంట్లో మనిషి పోయినవారి వరకు, 'వరం' అన్న మాట లేనట్టుగా చదువుకోవాలి.