నిండు గిన్నె

...పైగా అంచుదాకా పోసింది. చెయ్యి జారిందనుకుందామంటే నిన్నా అంతే, మొన్నా అంతే. ఇంట్లో ఉండాల్సిన మనిషికి టీ సగం గిన్నే పోస్తారు, మళ్ళీ మళ్ళీ అడగనీ అని. నిండా పోశారంటే తాగి బయల్దేరమని. ఉజ్బెక్ గడ్డ మీద, నమంగాన్‌లో పుట్టిన కోడలికి ఎర్గాష్ ఇది చెప్పాలా?

ఆ ఉదయం గడ్డం చేయించుకోవడానికి వెళ్దామనుకున్నాడు. మానేశాడు. గడప దాటితే మళ్ళీ రానిస్తారన్న నమ్మకం లేదు. ఆలోచించేకొద్దీ అన్నీ కలుస్తున్నాయి. మాంసం పులుసులో ఉప్పుండదు. రోజూ పొద్దున్నే కోడలు జుల్ఖుమార్ అతన్ని తూకం మిషను ఎక్కిస్తుంది. గొర్రెనైనా సంతకు తోలే రోజే తూస్తారు. కాళ్ళ వాపుకని ఇచ్చే మాత్ర మింగితే పెరట్లోకి పరుగే పరుగు. తాష్కెంట్‌లో పెద్దకొడుకు ఇంటికి, ఏడో అంతస్తుకి, తనని తరిమేస్తారు. అక్కడ గోడల్ని చూస్తూ ప్రాణం వదలాలి.

అందుకని మాత్రల్ని వంటలోకి పెంచే తులసి కుండీలో పాతిపెట్టడం మొదలుపెట్టాడు. కాళ్ళు ఇంకా వాచాయి. మిషను ముల్లు ముందుకు జరిగింది. జుల్ఖుమార్ భయపడి తాష్కెంట్‌కి ఫోన్ చేసింది. తలుపు చాటునుంచి ఒక్క ముక్కే వినపడింది: "బావగారూ, ఇక మీరొచ్చి తీసుకెళ్ళండి."

ఎర్గాష్ ఇక తెగించి గడప దాటాడు. ఆయాసపడుతూ వెళ్ళి, న్యాయం చెప్పమని వీధికి పెద్దమనిషైన హైత్‌బాయ్‌ని వెంటబెట్టుకొచ్చాడు. జుల్ఖుమార్ టీ పోసింది. హైత్‌బాయ్‌కి సగం, మామగారికి నిండా. హైత్‌బాయ్ రెండు గిన్నెలనీ మార్చి మార్చి చూశాడు.

"ఏమ్మా, వీణ్ణి పంపించేద్దామనేనా?"

"ఆసుపత్రికి, తాతా. గుండె బలహీనపడి ఒంట్లో నీరు చేరుతోంది. ఉప్పు తగ్గించాలి, టీ రోజుకి నాలుగు గిన్నెలే అన్నాడు డాక్టరు. సగం పోస్తే ఈయన దాన్ని గిన్నె కింద ఒప్పుకోరు."

"ఆ మాట నాతోనే చెప్పొచ్చుగా," అన్నాడు ఎర్గాష్.

"చెప్పిన డాక్టర్లిద్దర్నీ మార్చేశారుగా మావయ్యా. అందుకే ఈ మూడో డాక్టర్ని మీకు తెలీకుండా దాచుకున్నాం."

ఎర్గాష్ తులసి కుండీ వైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నించాడు. హైత్‌బాయ్, తనవీ వాచే ఉన్న పాదాలని నెమ్మదిగా అంగరఖా కిందికి లాక్కున్నాడు.

"ఆ తూకం మిషను ఎక్కడుందమ్మా?" అని అడిగాడు, వేరే ఎవరికోసమో అన్నట్టు.

ఎర్గాష్ కోడలి ముందు చెయ్యి చాచాడు. ఆమె మాత్ర పెట్టింది. నిండు గిన్నెతో దాన్ని మింగి, చివరి చుక్కదాకా తాగాడు. తాగేసి, వీపు వెనక దిండు సర్దుకున్నాడు.