గుంతకు రెండు వైపులా

సమస్య అనేది దానంతటదే పుట్టదు. దాన్ని కాదనేవాడు ఒకడు దొరికిన రోజునే అది సమస్యగా గుర్తింపు పొందుతుంది. అంతవరకూ అది వట్టి ఇబ్బంది. ఇబ్బందుల మీద పత్రికలు వ్యాసాలు వేయవు.

ఈ సంగతి తెలియని ఒక వ్యాసకర్త, తన వీధిలో మూత ఊడిపోయిన మురుగు గుంత మీద రాయడానికి కూర్చున్నాడు. భార్య పోరు పడలేక కూర్చున్నాడనడం న్యాయం.

"లోకంలో అన్యాయాలన్నీ మీకే కావాలి. గుమ్మం ముందున్న గుంత మీద ఒక్క ముక్క రాయలేరా? మా అమ్మ రోజూ ఆ దారినే వస్తుంది" అంది ఆవిడ.

మనసు పెట్టి రాశాడు. సంపాదకుడు చదివి, కళ్లు తుడుచుకుని, తిప్పి పంపాడు. (నిబంధనల ప్రకారం కళ్లు తుడుచుకోవడం ఆమోదం కిందికి రాదు.)

"ఇది వాదన కాదండీ, మొర. ఎదుటివాళ్ల మాట ఏదీ? ముందు దాన్ని గౌరవంగా చెప్పాలి, తర్వాత పడగొట్టాలి. అప్పుడే పాఠకుడు ఒప్పుకుంటాడు."

"గుంత ఉండాలని ఎవరంటారండీ?"

"అది మీరే కనుక్కోవాలి."

వ్యాసకర్త వీధిలో పడ్డాడు. గుంత వల్ల లాభమేమైనా ఉందా అని దర్జీని అడిగాడు. దర్జీ టేపు మెడలో వేసుకుని, అతన్ని ఎగాదిగా చూసి, "ఇంట్లో అంతా బాగున్నారా సార్?" అన్నాడు. మందుల షాపాయన మాత్రం కాస్త ఆలోచించాడు. "కట్టు కట్టే గుడ్డ బాగానే అమ్ముడుపోతోంది. కానీ నా పేరు వేయకండి."

ఇక లాభం లేదని ఎదుటిపక్షాన్ని తనే కల్పించాడు. గుంత వల్ల బండ్లు నెమ్మదిస్తున్నాయన్నాడు. జనం ఫోన్లలోంచి తలెత్తి దారి చూస్తున్నారన్నాడు. ముక్కూమొహం తెలియనివాళ్లు ఒకరికొకరు చెయ్యందిస్తున్నారన్నాడు. 'మనుషుల్లో లోతు కరువైన ఈ రోజుల్లో వీధికి మిగిలిన లోతు ఇదొక్కటే' అని ముగించి, ఆ కింద ఒక పేరాలో ఇదంతా శుద్ధ తప్పని తేల్చేశాడు.

పత్రికలో చోటు చాలక ఆ చివరి పేరా తీసేశారు. (ఎలాగూ అందరికీ తెలిసిందే కదా అని.)

వారం తిరక్కుండా గుంత పరిరక్షణ మిత్రమండలి ఏర్పడింది. మూత తెస్తున్న లారీ వీధి మలుపు దాకా వచ్చి వెనక్కి మళ్లింది. వ్యాసకర్త పురపాలక కార్యాలయానికి పరుగెత్తాడు. ఏకాభిప్రాయ ఉపపర్యవేక్షకుడు లేచి నిలబడి కుర్చీ చూపించాడు.

"మూత రెడీగానే ఉంది సార్. మీ వ్యాసం చూశాకే ఆపాం. నేనైతే రెండుసార్లు చదివాను."

"అది నా అభిప్రాయం కాదండీ బాబూ!"

"అంత బాగా రాసింది మీ అభిప్రాయం కాదంటే ఎవరు నమ్ముతారు సార్?"

కోపంతో ఊగిపోతున్న వ్యాసకర్తకు ఆ మాట లోపల ఎక్కడో చల్లగా తగిలింది. రెండోసారి చదివినప్పుడు ఏ వాక్యం నచ్చిందో అడగబోయి, తమాయించుకుని బయటికొచ్చాడు.

ఆ సాయంత్రమే అత్తగారు గుంతలో పడ్డారు. కాలు విరిగింది. ఆసుపత్రిలో భార్య అతని మొహం చూడలేదు. అత్తగారే పలకరించారు.

"నీ తప్పేం లేదులే బాబూ. అంత లోతుందని రాశావు గదా, ఒకసారి చూద్దామని వంగాను."

వ్యాసకర్త లేచాడు. ఇంటికి వెళ్లి, తన రాతబల్ల పైపలక ఊడదీసి, వీధిలోకి ఈడ్చుకొచ్చి గుంత మీద పరిచాడు. పాతికేళ్లుగా సమాజం కోసం రాస్తున్నవాడికి సమాజానికి పనికొచ్చే పని చేయడం అదే మొదటిసారి.

తెల్లారేసరికి కార్యాలయం వాళ్లు పలక తీసేశారు. వ్యవహారం చర్చలో ఉండగా ఇలా మూసేయడం ఏకపక్ష ధోరణి అని మందలించారు. సంపాదకుడు ఫోన్ చేసి, అత్తగారి కాలుతో వ్యాసానికి మంచి బలం వచ్చిందన్నాడు. కాకపోతే రెండో కాలు బాగానే ఉందన్న సంగతి కూడా రాస్తే సమతూకంగా ఉంటుందన్నాడు.

ఆ తర్వాత గుంత మీద మూడు సదస్సులు జరిగాయి. మూడింట్లోనూ ఉభయపక్షాలూ గట్టిగా వాదించాయి. అత్తగారిని పిలవలేదు. ఆమె ఒకవైపే పడ్డారు కాబట్టి, నిష్పాక్షికంగా మాట్లాడలేరని నిర్వాహకుల భయం.