పసుపు సంచుల్లో వెళ్లిన గ్రంథాలయం

ఆ బుధవారం పొద్దున చంద్రకాంతమ్మ అనుకున్న పని చాలా చిన్నది. పది గంటలకు మేస్త్రీ వచ్చి గ్రంథాలయం వెనక గోడ కూల్చేలోపు ఆరువందల పుస్తకాలనూ బడిలోకి చేర్చాలి. కాణిపాకం దారిలోని మొగిలిగుంటలో గ్రంథాలయమంటే ఒక్కటే గది. వానొస్తే పాఠకులు గొడుగు కింద పేపరు చదివేవారు. రెండో గదీ కొత్త పైకప్పూ మంజూరు చేయించడానికి గ్రంథపాలకురాలైన ఆమె తొమ్మిదేళ్లు చిత్తూరు ఆఫీసు మెట్లు ఎక్కి దిగింది. ఇవాళ పని మొదలుకాకపోతే మేస్త్రీ మామిడిగుజ్జు ఫ్యాక్టరీ పనికి వెళ్లిపోతాడు. మళ్లీ ఎప్పుడొస్తాడో వినాయకుడికే తెలియాలి.

అటెండరు మునెయ్య పుస్తకాలను మూడేసి చొప్పున పసుపు గుడ్డసంచుల్లో వేసి మూతి కట్టాడు. జవుళి కొట్టువాళ్లు ఊరికే ఇచ్చిన సంచులవి. తీరా మోసుకెళ్తే బడికి తాళం.

"హెడ్‌మాస్టరు సెలవని తాళమేసి తిరపతి పోయినాడంట మా. ఇవన్నీ యాడ పెట్టేది?"

"పక్కన కల్యాణ మండపంలో స్టోరు రూము ఉండాది కదప్పా, ఆడ పెట్టు."

మండపంలో పెళ్లి జరుగుతోందని ఊరందరికీ తెలుసు. కొబ్బరికాయలు వేసిన తాంబూలం సంచులు కూడా పసుపువేనని, అవీ ఆ గదిలోనే పేర్చి ఉన్నాయని మాత్రం ఎవరికీ తట్టలేదు.

తొమ్మిదిన్నరకు ఆమె కాఫీ తాగి వచ్చేసరికి మండపం గుమ్మంలో ఇద్దరు ఆడవాళ్లు బంధువుల చేతుల్లో సంచులు పెట్టి దండం పెడుతున్నారు. రోడ్డు మీద వేలూరు వ్యాను కదిలింది. కిటికీ పక్కన కూర్చున్న పెద్దాయన కొబ్బరికాయ కోసం సంచిలో చెయ్యి పెట్టి, గొర్రెల పెంపకం పుస్తకం బయటికి తీశాడు.

"మునెయ్యా! వ్యాను ఆపు!"

మునెయ్య పరిగెత్తాడు. వ్యాను ఆగలేదు. సంచులు పట్టుకున్న బంధువులతో పలమనేరు బస్సు అంతకుముందే వెళ్లిపోయింది. స్టోరు రూములో కొబ్బరికాయల సంచులు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

లోపల అప్పటికే అరుపులు మొదలయ్యాయి. పెళ్లికొడుకు తల్లి తిరుమలమ్మ ఒక పుస్తకాన్ని పైకెత్తి అందరికీ చూపిస్తోంది. అది విడాకుల చట్టం.

"తాళి కట్టి మూడు గంటలు కాలే, మా చేతికి విడాకుల పుస్తకమిస్తారా? ఏంది మీ ఉద్దేశం?"

ఆమె మొగుడికి బట్టతల. ఆయన సంచిలో జుట్టు రాలకుండా కాపాడుకునే పుస్తకం వచ్చింది. ఆయన వెళ్లిపోవడానికి చెప్పులు వేసుకుంటున్నాడు.

పెళ్లికూతురి తండ్రి, మామిడికాయల వ్యాపారి జయచంద్ర కంటికి చంద్రకాంతమ్మ కనబడింది. "ఓ మా! అంతా నీ పుస్తకాల వల్లే. తప్పయిందని అందరి ముందర చెప్పి, అవన్నీ ఎత్తకపో!"

ఆఫీసుల్లో చేతులు కట్టుకు నిలబడిన తొమ్మిదేళ్లూ ఒక్కసారిగా ఆమె గొంతులోకి వచ్చాయి. "పుస్తకం ఇంటికి పోతే తప్పేందప్పా?" అని, నాదస్వరం వాళ్ల ముందున్న మైకు లాక్కుంది.

"అందరూ వినండి. మీ చేతిలో ఉండేది తాంబూలం కాదు, ఈ ఊరి గ్రంథాలయం. నేను ఇప్పుడే వెనక్కి అడగను. ఈడ సంతకం పెట్టి ఎత్తకపోండి. చదివి పదైదు దినాల్లో తెచ్చియ్యండి. వేలూరోళ్లకి ఫోన్ చేసి చెప్పండి. పుస్తకాన్ని సూసి బయపడేవాళ్లు మాత్రం ఈడనే పెట్టేసి పోండి!"

భయపడతానని ఒప్పుకునే మనిషి ఆ మండపంలో ఒక్కరూ లేరు. పెళ్లికొడుకు తండ్రి చెప్పులు విడిచి వచ్చి మొదటి సంతకం పెట్టాడు. తిరుమలమ్మ మాత్రం కదల్లేదు. అప్పుడు పెళ్లికూతురు ఐశ్వర్య లేచి వచ్చింది.

"అత్తా, అది నాకియ్యండి. వచ్చే నెల లా పరీక్ష ఉండాది."

"బీఏ అన్నారే మాకు?"

"బీఏ ఎల్ఎల్‌బీ అత్తా. మీరు సగమే విన్నట్టుండారు."

తిరుమలమ్మ కోడలిని ఎగాదిగా చూసింది. "అయితే మా పొలం కేసు నువ్వే సూడల్ల," అని పుస్తకం చేతికిచ్చింది.

పదింటికి మేస్త్రీతో పాటు జిల్లా గ్రంథాలయ ఆఫీసు నుంచి తనిఖీ అధికారి ఆదిమూలం దిగాడు. అల్మారాలన్నీ ఖాళీ.

"పుస్తకాలు యాడమ్మా?"

"చదవనీకి పోయినాయి సార్. వేలూరు, పలమనేరు, బంగారుపాళ్యం."

ఆయన ముఖం ఎర్రబడింది. "పదైదు దినాలు చూస్తా. ఒక్కటి తగ్గినా ఈ పని ఆపించి, నీ గ్రంథాలయాన్ని చిత్తూరులో కలిపేస్తా."

"అవి అల్మారాల్లో బూజు పట్టినప్పుడు సూసేదానికి ఎవురూ రాలేదు సార్. ఇప్పుడు రాండి, నేనీడనే ఉంటా." ఆమె వెనక్కి తిరిగింది. "మేస్త్రీ, గోడ కొట్టప్పా!"

గోడ కూలింది. ఐదు రోజులు ఒక్క పుస్తకమూ రాలేదు. చంద్రకాంతమ్మకు ముద్ద దిగలేదు. పైకి మాత్రం మేస్త్రీతో ఇటుకల గురించి గట్టిగానే పోట్లాడింది. ఆరో రోజు పలమనేరు బస్సు కండక్టరు తొమ్మిది సంచులు దించాడు. మర్నాడు వేలూరు పెద్దాయన గొర్రెల పుస్తకం పట్టుకుని స్వయంగా వచ్చి, కోళ్ల మీద ఏమైనా ఉందా అని అడిగాడు. తాంబూలం సంచిని ఉత్తగా తిప్పి పంపడం మర్యాద కాదని చాలామంది తమ ఇంటి పుస్తకం ఒకటి అదనంగా వేసి పంపారు.

పదహారో రోజు ఆదిమూలం సగం లేచిన గోడల మధ్య స్టూలు వేసుకుని లెక్కపెట్టాడు. మళ్లీ పెట్టాడు. రిజిస్టరులో ఆరువందలు. ఎదురుగా ఏడువందల నలభై ఒకటి.

"ఎట్లమ్మా ఇది?"

"మీరే కద సార్ లెక్కబెట్టినారు."

పుస్తకాలు తగ్గితే ఏం చేయాలో నిబంధనల్లో ఉంది. పెరిగితే ఏం చేయాలో లేదు. ఆయన చాలాసేపు ఆలోచించి, అనుమతి లేకుండా పుస్తకాలు పెంచినందుకు చంద్రకాంతమ్మకు మెమో ఇచ్చి వెళ్లాడు.