రేషను తీసుకున్న నురగ

రండర్రా, దగ్గరకొచ్చి కూకోండి. ఆ మూలన గుసగుసలు కట్టిపెట్టండి. మా సన్యాసమ్మ వేలిముద్రలు చేతులొదిలేసి సబ్బు నురగలోకి కాపరానికెళ్ళిపోనాయి. ఆ సంగతి చెప్తాను.

సన్యాసమ్మకి సబ్బుల కంపెనీలో పని. ఏం పనంటే, చేతులు కడుక్కోడమే. కొత్త సరుకుతో తోముకుని, మండితే మండిందని చెప్పాల. సబ్బన్నది ఓ కొసన నీళ్ళకి చుట్టం, ఓ కొసన జిడ్డుకి చుట్టం. పాత సరుకు మొరటుది, మురికితో పాటు ఒంట్లో నూనె కూడా లాక్కుపోయీది. చేతులు బీటలు తీసీవి.

అందుకని కంపెనీలో హైమవతి మేడం మెత్తని నురగ కనిపెట్టింది. వేకువ మబ్బులాగుంటాది. అందులో చెయ్యి పెడితే నిద్దరొస్తాది. అది దేన్నీ లాగదు. "వస్తారా అండీ?" అని అడుగుతాది.

మురికిని అడిగింది. రానంది. వేలిముద్రల్ని అడిగింది. పుట్టి బుద్ధెరిగాక తమని ఇంత మర్యాదగా ఎవరూ పిలవలేదని అవి లేచెళ్ళిపోనాయి. నురగలో సన్నటి అలల్లాగ తిరుగుతున్నాయి.

"మంటుందా సన్యాసమ్మా?" అంది మేడం.

"లేదమ్మా. వేళ్ళే లేనట్టుంది."

"అయితే పాసు."

రేషను షాపులో మిషను సన్యాసమ్మ వేలు చూసి, ఈవిడెవరో తెలీదంది. మర్నాడు చెంబుతో నురగ పట్టుకెళ్తే టింగుమని గుర్తుపట్టింది. డీలరు అప్పలకొండ బియ్యం తూచి చెంబు ముందు పెట్టాడు.

"మరి నాకేదిరా?" అంది సన్యాసమ్మ.

"ఇవి ఆవిడవి పిన్నీ. నీకు పెడతాదేమో అడుగు."

ఇదేం న్యాయమని రేషను కార్డుల ఆఫీసుకెళ్తే, అక్కడి అయ్యగారు చెంబుకి కుర్చీ వేయించాడు. "ఈవిడున్నంత కాలం నీకేం భయం లేదు" అన్నాడు. సన్యాసమ్మ నిలబడే దండం పెట్టింది.

ఉన్నంత కాలం. అదే చిక్కు. గాలి తగిలితే నురగ కుంగిపోతోంది. అది కాస్తా పోతే ఇంక సన్యాసమ్మ ఎవరూ కాదు. అందుకే పమిట అడ్డం పెట్టి మోస్తాది, ఒళ్ళో పెట్టుకుని పడుకుంటాది.

నిన్న రేషను లైన్లో అందరూ చెప్పులూ సంచులూ వరసగా పెట్టి నీడకెళ్ళారు. సన్యాసమ్మొక్కతే చెంబు మీద పమిట కప్పి ఎండలో నిలబడింది. వెనక సంచీ మా వీధి కుర్రాడు తౌడుది.

"చెంబుంది కదప్పా, నువ్వెందుకు? ఒక్క పేరుకి ఇద్దరు నిలబడితే ఎలాగ?" అన్నాడు తౌడు.

న్యాయమేననిపించింది. చెంబు దింపి, పమిట తీసుకుని, పక్కకి తప్పుకుంది.

తౌడు మంచోడు. చెంబు ముందు గొంతుక్కూచుని, రేషను కార్డుతో విసరడం మొదలెట్టాడు.

"పాపం, ఆవిడకి చెమట్లు పట్టేస్తన్నాయి."